లోపల మనిషి ఉండగా షిఫ్టు మూయుట గురించి

గోదావరిఖని,
మే నెల, 2008.

శ్రీయుత గనుల ఏజెంటు గారి సముఖమునకు,
తూర్పు ఇంక్లైను ల్యాంపు రూం గుమస్తా జె. టిమోతి భయభక్తులతో వ్రాసుకొను అర్జీ.

విషయం: ల్యాంపు రూం హాజరుకు హైదరాబాదు సంస్థ వారి ప్రోగ్రామునే ఖరారు చేసి, నేను వ్రాసిన ప్రోగ్రాము నుండి నన్ను విముక్తుణ్ణి చేయవలసినదిగా మనవి.

సూచిక: కంప్యూటరీకరణ కమిటీ వారి సర్క్యులరు. (వినియోగదారులు తమ అభిప్రాయములు తెలుపవలెనన్నది.)

అయ్యా,

ఒక గుమస్తాను అభిప్రాయం అడగడం మా ఇంక్లైను గని పుట్టిన తర్వాత ఇదే మొదలు. అందుచేత ఈ అర్జీ కొంచెం పొడుగైతే మన్నించవలెను. ల్యాంపు రూములో ఫ్యాను తిరగడం లేదు. చెమట కాగితం మీద పడి అక్షరాలు చెదిరితే అది కూడా మన్నించవలెను.

1. మా పని తమరికి తెలియనిది కాదు. అయితే కమిటీలో లెక్కల శాఖ వారు కూడా ఉన్నందున విన్నవిస్తున్నాను. గనిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్లను మా కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ల్యాంపు రాలేదంటే మనిషి లోపలే ఉన్నాడు. మా నాయన ఇదే గనిలో బొగ్గు నింపిన కాలంలో గోడకు మేకుల బోర్డు ఉండేది. మేకుకు బిళ్ల వేలాడుతుంటే మనిషి ఇంకా పైకి ఎక్కలేదని ఎవరైనా చూసి చెప్పేవారు. ఆ బోర్డు తీయించి కంప్యూటరు పెట్టారు. కంప్యూటరు వచ్చింది గాని అందులో వేసే ప్రోగ్రాముకు మంజూరు రాలేదు. అప్పటి మేనేజరు గారు నన్ను పిలిచి, "టిమోతీ, నువ్వేదో కోర్సు చేసినవట గదా, ఏదన్న ఒకటి చేసి పెట్టు" అని ఆజ్ఞాపించారు. నోటిమాటగా ఆజ్ఞాపించారు గనుక దానికి కాగితం లేదు.

నేను లినక్సు, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ అను పనిముట్లతో చేసి పెట్టాను. ఇవి దేశదేశాలలో ఎవరెవరో వ్రాసి, లోపలి వ్రాత అందరికీ కనబడేటట్లు వదిలిపెట్టినవి. ఎవరైనా తీసుకోవచ్చును, చదువుకోవచ్చును, తమ అవసరానికి మార్చుకోవచ్చును. నాకు ఆ సీడీలు కరీంనగర్ బస్టాండులో కొన్న కంప్యూటరు పత్రికతో పాటు వచ్చినవి. చూసి చూసి, తప్పులు చేసి చేసి వ్రాశాను. లోపలున్న మనిషి పేరు ఎర్రగా ఉంటుంది. ల్యాంపు ఇచ్చిన మనిషి పేరు పచ్చగా మారుతుంది. చివరి ఎరుపు పోయేదాకా షిఫ్టు మూసుకోదు. అంతకన్నా అందులో ఏ విద్యా లేదు.

2. స్టోరు కీపరు నర్సింగం గారు సదరు ప్రోగ్రామును రిజిస్టరులో ఎక్కించుటకు నిరాకరించి ఉన్నారు. "బిల్లు లేని సామాను నా లెక్కల లేదు టిమోతన్నా. లేనిదాన్ని ఉన్నదని నేనెట్ల రాయాలె?" అన్నారు. ఆయన తప్పు లేదు. ఆడిటుకు వచ్చినవారు కూడా ఇదెవరిది అని అడిగారు. ఎవరిదీ కాదు, అందరిదీ అన్నాను. "అందరిదంటే ఎవరిది? రేపు చెడిపోతే సంతకం ఎవరు పెడతారు?" అన్నారు. ఆ సంతకం ఇప్పటికీ ఎవరూ పెట్టలేదు. కాబట్టి తూర్పు ఇంక్లైనులో దిగుతున్న మనుషులందరినీ ఇన్నాళ్లుగా రికార్డు ప్రకారం లేని ప్రోగ్రాము లెక్కపెడుతున్నది.

3. హైదరాబాదు సంస్థ వారి ప్రోగ్రామును పరీక్షార్థం నా పక్క బల్ల మీద పెట్టి ఒక నెల అగుచున్నది. దాన్ని నిందించుట నా ఉద్దేశము కాదు. నిజం చెప్పాలంటే చూసి అసూయపడ్డాను. నేను నెల రోజులు తల పగలగొట్టుకుని చేసిన తెరను వారి పనిముట్లతో ఒక పూటలో బొమ్మ గీసినట్లు గీసేస్తారట. రంగులు ఉన్నవి, గంట మోగుతుంది, పైన కంపెనీ ముద్ర వస్తుంది. చెడిపోతే తిట్టడానికి ఒక ఫోను నంబరు ఇచ్చారు. నాది చెడిపోతే తిట్టడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, పైగా సులభంగా దొరుకుతాను.

ఒక్క సంగతి మాత్రం మనవి చేయక తప్పదు. వారి ప్రోగ్రాము షిఫ్టు సమయం దాటిన కాసేపటికి దానంతట అదే షిఫ్టు మూసివేస్తుంది. అప్పటికీ ల్యాంపు ఇవ్వనివారి పేరుకు ఎదురుగా 'బయటకు వచ్చినట్లు భావించడమైనది' అని వ్రాస్తుంది, పచ్చరంగులో. ఎవరు భావించారండీ అని వారి ఇంజనీరు గారిని అడిగాను. "అది స్టాండర్డ్ అండీ. ఫ్యాక్టరీలన్నింటికీ అట్లాగే ఇచ్చాం" అన్నారు. ఫ్యాక్టరీలో గేటు దాటకపోతే మనిషి క్యాంటీనులో ఉంటాడు, గనిలో అట్లా కాదు, ఆ ఒక్క వరుస తీసేయండి, లేదా లోపలి వ్రాత చూపించండి నేనే చూసుకుంటాను అన్నాను. కోడు ఎవరికీ చూపించరట. హెడ్డాఫీసుకు వ్రాస్తే వచ్చే వెర్షనులో ఆలోచిస్తారట.

అయ్యా, గనిలో పనిచేసేవాడు పైకప్పును కర్రతో తట్టి చూడనిదే దాని కింద కూర్చోడు. గట్టిగా పలికితే కూర్చుంటాడు, డొల్లగా పలికితే ఆసరాగా కర్ర దిమ్మె పెట్టిస్తాడు. తట్టి చూడవద్దు, కప్పు మంచిదే, కంపెనీ ముద్ర ఉన్నది అంటే మా నాయనైతే తట్ట అక్కడే పారేసి పైకి వచ్చేవాడు.

4. ఇక గట్టయ్య సంగతి. ఇది తమరికి తెలుసు, అయితే కోపంలో తెలుసు. బొగ్గు టబ్బులు తోసే గట్టయ్య గత నెలలో మొదటి షిఫ్టు దిగి, ఎక్కి, ల్యాంపు ఇవ్వకుండా అంగీ కింద దాచుకుని ఊరికి పోయాడు. ఆ పూట అతని తమ్ముడి పెండ్లి విందు. ఊళ్లో కరెంటు లేదు. ఇక్కడ నా తెర మీద గట్టయ్య పేరు ఎర్రగా ఉండిపోయింది. టబ్బులను పైకి లాగే తాడు ఆపారు, బొగ్గు ఆగింది, పన్నెండు మంది దిగి పాత సొరంగ గ్యాలరీలన్నీ గాలించారు. వాళ్లు "గట్టయ్యా" అని అరుస్తున్న సమయానికి గట్టయ్య ల్యాంపు తలకు కట్టుకుని పంక్తిలో మటన్ వడ్డిస్తున్నాడు. మరునాడు ల్యాంపు తెచ్చి కిటికీలో పెట్టి, "ఇంత పెద్ద బొగ్గుబాయిల ఒక్క బత్తి లేకుంటె ఎవనికి ఎరుకైతది అనుకున్న సారూ" అన్నాడు. కడుపు మండి కూడా నవ్వొచ్చింది.

దీనిపై తమ కార్యాలయం నుండి రెండు ఉత్తర్వులు వచ్చినవి. ఏజెంటు గారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఇకపై తాడు ఆపి గాలింపు చేపట్టరాదన్నది మొదటిది. సదరు గుమస్తా ప్రోగ్రాము అనవసర ఆందోళన కలిగించుచున్నందున, సంస్థ వారి ప్రోగ్రాము వలెనే నిర్ణీత సమయానికి షిఫ్టు మూసుకొనునట్లు వెంటనే మార్చవలెనన్నది రెండవది. దొంగతనం గట్టయ్యది, శిక్ష నా ప్రోగ్రాముకు పడింది. రాని ల్యాంపును రాలేదని చెప్పడమే అది చేసిన నేరం.

5. ఇక్కడే నా అసలు బాధ ఉన్నది. లోపలి వ్రాత తెరిచి ఉన్న ప్రోగ్రాముతో వచ్చిన చిక్కు ఏమిటంటే, కుదరదు అని చెప్పే వీలు లేదు. ఆ మార్పు రెండు వరుసల పని. టీ చల్లారేలోగా అయిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజరు గారికి తెలుసు, ఇప్పుడు తమరికీ తెలుసు.

తెలిసినవారు ఇంకా ఉన్నారు. కోల్ కట్టర్ రఘుపతి అన్న మా ఇంటికి వచ్చి చాప మీద కూర్చుని, "నిన్న నేను దిగలే గాని, దిగినట్టు ఒక్క మస్టరు కొట్టు తమ్మీ. నీ చేతుల పనే గదా, ఎవరినన్న అడుగుడున్నదా?" అన్నాడు. కాదంటే మొహం మాడ్చుకుని పోయాడు. ఇప్పుడు చర్చిలో ఎదురైనా పలకడు. పాత రోజుల్లో బోర్డు అడ్డం వచ్చేది. కొన్న ప్రోగ్రాము ఉంటే హైదరాబాదు అడ్డం వస్తుంది. 'సిస్టంలో లేదన్నా' అని చేతులు దులుపుకుంటారు పక్క ఆఫీసులవారు. నాకు ఆ భాగ్యం లేదు. నేను కాదంటే కాదన్నది నేనే.

6. ఆ రెండు వరుసలు వ్రాయుటకు నేను నాలుగుసార్లు కూర్చున్నాను. ఆ చోట పాత రోజుల్లో నేనే ఒక సూచన వ్రాసుకుని ఉన్నాను. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాటలు. 'ఇక్కడ చెయ్యి పెట్టకండి, లోపల మనిషి ఉన్నాడు' అని. నా తర్వాత వచ్చే గుమస్తా కోసం వ్రాసినది నాకే అడ్డం పడుతున్నది.

ఇంట్లో కూడా ఇదే గొడవ. నా భార్య సుగుణమణి తమ్ముడు మార్కు మా ఇంక్లైనులోనే టింబర్ మేస్త్రీ, కప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని. తల్లి పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటాడు. నేను తిండి సయించక కూర్చుంటే ఆమె అడిగింది, చెప్పాను.

"అయితె మా మార్కు లోపల్నే ఉన్నా, టైం అయిందని ఇంటికొచ్చిండని రాస్తదా నీ కంప్యూటరు?"

"భావిస్తది" అన్నాను.

"భావిస్తదా? నేను ఇక్కడ కంచం వెట్టుకొని కూసున్న. మనిషేడి?"

"ఆర్డరు వచ్చిందే, నేనేం చెయ్యాలె?"

"ఎన్ని లైన్లు రాయాలె గది?"

"రెండు."

"రెండు లైన్లల్ల మా తమ్మున్ని మాయం జేస్తవా? రాయి. రాసినంక ఆ చేత్తోని నా ఇంట్ల బువ్వ కలుపుకోకు."

అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు తక్కువ. మార్కుకు ఈ సంగతి తెలియదు. వాడు వచ్చి, తిని, పడుకుంటాడు. ఎందుకు బావా గట్ల చూస్తున్నవు అంటాడు.

7. నాకు అబద్ధం వ్రాసే ధైర్యం లేదు. ఉత్తర్వును ధిక్కరించే ధైర్యం అంతకన్నా లేదు, పిల్లలు చదువుతున్నారు. సంస్థ వారి పెట్టె కొన్నట్లయితే ఆ 'భావించడం' ఎక్కడో పేరు తెలియని ఇంజనీరుది అవుతుంది. నా దాంట్లో పెడితే నాది అవుతుంది. పని అదే, మనిషీ వాడే, అయినా ఎవరి చేతితో వ్రాశారన్నది నాకు పెద్ద సంగతి అయిపోయింది. ఇది పిరికితనమని తెలుసు. తెలిసే వ్రాస్తున్నాను.

కావున దయామయులైన తమరు పై విషయములను సానుభూతితో పరిశీలించి, బిల్లు, ముద్ర, ఫోను నంబరు కలిగిన సంస్థ వారి ప్రోగ్రామునే అన్ని ఇంక్లైనులకు ఖరారు చేసి, నా ప్రోగ్రామును తొలగించి, నన్ను ల్యాంపులు తుడిచే పనికైనా మార్చవలసినదిగా ప్రార్థన. ఈ అర్జీ సంగతి నా ఇంట్లో చెప్పలేదు. తమరు కూడా ఎక్కడా అనరని నమ్మి, ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెనని కోరుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
జె. టిమోతి,
ల్యాంపు రూం గుమస్తా, తూర్పు ఇంక్లైను.

తా.క.: అయ్యా, సంతకం పెట్టి కవరు వెతుకుతుండగా మొదటి షిఫ్టు ఎక్కింది. ల్యాంపులన్నీ వచ్చినవి, ఒకటి తప్ప. నా తెర మీద ఒక్క పేరు ఎర్రగా ఉన్నది. అది మార్కు పేరు.

పొద్దున ఆ పేరు నేనే కొట్టాను. ల్యాంపు కూడా నేనే ఇచ్చాను. కిందికి ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. పైకి వచ్చిన వాళ్ల సర్దారు ముత్యం గారు, "పాత లెవల్ గ్యాలరీల దిమ్మెలున్నయి, తెస్త అని పోయిండు. నాకంటె ముందే ఎక్కిండేమో అనుకున్న" అంటున్నారు. ఆయన కూడా భావించారు. పైకి వచ్చినవారిని ఒక్కొక్కరిని అడిగాను. స్నానాల దగ్గర చూశాను, క్యాంటీనులో చూశాను, సైకిల్ స్టాండులో చూశాను. సైకిలు ఉన్నది.

పక్క బల్ల మీది ప్రోగ్రాము షిఫ్టు మూసేసింది. లోపల ఉన్నవారు సున్నా అని చూపిస్తున్నది. మేనేజరు గారు వచ్చి రెండు తెరలూ చూశారు. "మళ్ల ఎవని పెండ్లి టిమోతీ?" అన్నారు. మా బామ్మర్ది సార్, వానికి పెండ్లి లేదు, పేరంటం లేదు, సైకిలు ఇక్కడనే ఉన్నది అన్నాను. ఆయన మొహం మారింది. ఆయన చెడ్డవారు కారు. "తాడు నడుస్తాంటె ఆ లెవల్లకు మనుషుల్ని పంపలేను. తాడు ఆపాలంటె ఏజెంటు సాబ్ సంతకం కావాలె. ఆర్డరున్నది గదా. సంతకం లేకుండ ఆపి, రేపు వాడు ఎక్కడ్నో కల్లు మండువల దొరికితె నా నౌకరి పోతది" అన్నారు. తమ ఆఫీసుకు ఫోను చేశాము. తమరు కమిటీ మీటింగులో ఉన్నారట, ఏ ప్రోగ్రాము కొనాలో తేల్చే మీటింగు. లేపి పిలవడానికి వీలు లేదన్నారు.

కనుక పైన నేను వ్రాసినదంతా రద్దు. ఏడు పేరాలూ చింపి పారేయండి. ఏ ప్రోగ్రాము పెడతారో తమ ఇష్టం, నన్ను తీసేసినా సరే, చార్జిషీటు ఇచ్చినా సరే, బిల్లు లేని దాన్ని రెండేళ్లు నడిపినందుకు నా జీతం పట్టుకున్నా సరే. ఆ రెండు వరుసలు మాత్రం నేను వ్రాయను. నా బతుకులో మొదటిసారి ఒక ఉత్తర్వుకు కాదంటున్నాను.

నాకు కావలసింది ఒక్క వరుస. 'తాడు ఆపి వెతకండి' అని. కింద సంతకం. ఈ కాగితం అడుగున చోటు వదిలాను, వేరే కాగితం కూడా అక్కరలేదు. వాడు అక్కడ కాలు మీద దిమ్మె పడి కూర్చున్నాడో, కప్పు కిందికి వచ్చిందో నాకు తెలియదు. ల్యాంపు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మాత్రం తెలుసు, అది నా పని. ఇంకా వెలుగుతూ ఉంటుంది. ఆరిపోక ముందే రాయండి సార్.

రెండో షిఫ్టు దిగుతున్నది, కిటికీ వదిలి నేను రాలేను. ఈ కాగితం తెస్తున్నది నా భార్య సుగుణమణి. తమ్ముడు తిండికి రాలేదని గేటు దాకా వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి పై ఏడు పేరాలూ చదివింది. గేటు దగ్గర ఆటో ఆపించి, ఈ కాగితం కోసం కిటికీలోకి చెయ్యి చాపి ఉన్నది.

తమ బంట్రోతు ఆపినా ఆమె ఆగదు. మీటింగులోకే వస్తుంది. తమరు సంతకం పెట్టదలచుకోకపోతే నాకు కారణాలు వ్రాసి పంపనక్కరలేదు. ఎదురుగా నిలబడి ఉంటుంది, ఆమెకు చెప్పండి.

టిమోతి